మీకు తెలుసా? మొద్దుబారిన మచ్చకు ముక్క పరీక్ష

ఎవరైనా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చతో వస్తే డాక్టరు మొదట కంటితో, చేత్తో చూస్తారు. కుష్ఠు అనుమానం తీరకపోతే ముక్క పరీక్ష, అంటే స్కిన్ బయాప్సీ. మత్తు సూది వేసి, మచ్చ అంచు నుంచి సుమారు 4 మిల్లీమీటర్ల ముక్క తీసి ఫార్మలిన్‌లో ల్యాబుకు పంపుతారు. అంతే, భయపడేంత కోత కాదు.

కుష్ఠు క్రిమిని హాన్సెన్ 1873లోనే కనిపెట్టారు. విచిత్రమేమిటంటే, దాన్ని మామూలు బ్యాక్టీరియాలా ల్యాబులో పెంచడం నేటికీ కుదరలేదు! అందుకే ఈ ముక్కకు అంత విలువ. నరాన్ని చుట్టుముట్టిన కణాల గుంపును సూక్ష్మదర్శినిలో చూసి పాథాలజిస్టు జబ్బును పసిగడతారు. రిడ్లీ, జోప్లింగ్‌ల 1966 నాటి కుష్ఠు రకాల వర్గీకరణకూ ఇదో ముఖ్య ఆధారం.

ముక్క పరీక్ష కుష్ఠుకే కాదు. పెంఫిగస్ లాంటి నీటిపొక్కుల జబ్బయితే ఇమ్యునోఫ్లోరెసెన్స్ అనే పరీక్ష కోసం ఇంకో ముక్క కావాలి. దాన్ని మాత్రం ఫార్మలిన్‌లో వేయకూడదు.

కుష్ఠు మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మచ్చ మొద్దుబారితే దాచుకోకండి, చూపించుకోండి.