కారు కింద ఆ ‘టక్’ ఎక్కడిది?

పదిహేనేళ్ళ నా చిన్న కారు స్పీడ్ బంప్ ఎక్కినప్పుడల్లా ముందు కుడివైపు ‘టక్’మనేది. మెకానిక్ కారు ఎత్తి చూడకుండానే స్ట్రట్లు రెండూ మార్చాలన్నాడు. రోజూ బగ్గులు వెతికేవాణ్ణే కదా, నేనే చూద్దామనుకున్నాను.

ఆ మూల గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగింది. స్ట్రట్ పోతే ఊగుతూనే ఉంటుంది (ఇది మోటు పరీక్షే లెండి). ఆయిల్ కారిన జాడా లేదు. జాక్‌తో ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. అక్కడ వదులుంటే బాల్ జాయింటో, బేరింగో అనుకోవాలి. బాల్ జాయింటు ఊడితే నడుస్తున్న కారు చక్రం ఒరిగిపోతుంది, దాన్ని మాత్రం వాయిదా వెయ్యకండి.

నా కారులో లొడలొడలాడింది స్వే బార్ లింకు, జానెడు కడ్డీ! తుప్పు నట్టుతో రెండు గంటల కుస్తీ పట్టి కొత్తది బిగించాక చప్పుడు పోయింది. స్ట్రట్టే అయ్యుంటే నేను ముట్టుకునేవాణ్ణి కాదు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణం మీదికొస్తుంది.