మూడు చీరలు, ఆరు వేల కుట్లు

ఆరు గజాల చీర అంటే పన్నెండు మూరలు. బారల్లో చెప్పాలంటే మూడు. దాన్ని మూడు మడతలు వేస్తే ఒక్కో మడత సరిగ్గా ఒక బార, అంటే ఆరడుగులు. మనిషి కాళ్లు చాపుకుని పడుకోవడానికి కావలసింది అంతే. చీర పన్నా సుమారు 45 అంగుళాలు, అంటే మూడుముప్పావు అడుగులు. ఒక మనిషి మంచానికి అది చాలు. మన ఇళ్లలో బొంత కొలత ఎవరూ పనిగట్టుకుని పెట్టింది కాదు, చీరతోనే వచ్చింది. అందుకే టేపు పట్టుకోవడం రాని ముసలమ్మలు కూడా కత్తెర ముట్టకుండా బొంత కుట్టేయగలిగారు.

పురిటికో, పెళ్లికో, గృహప్రవేశానికో బజారు వస్తువు కాకుండా చేత్తో కుట్టిన బొంత ఇద్దామని చాలామంది మొదలుపెడతారు. సగం కుట్టి అటక మీద పడేసేవాళ్లే ఎక్కువ. చేతకాక కాదు, ఎన్ని కుట్లు పడతాయో, ఎన్ని రోజులు పడుతుందో ముందు చూసుకోరు. ఆ లెక్క ఇక్కడ వేసి చూద్దాం.

ఒక చీరకు మూడు పొరలు. రెండు చీరలకు ఆరు, మూడు చీరలకు తొమ్మిది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర 400 నుంచి 500 గ్రాములు తూగుతుంది. పల్చటి వెంకటగిరి అయితే ఇంకాస్త తక్కువే. సగటున 450 వేసుకుంటే మూడు చీరల బొంత బరువు కిలోన్నరకు కొంచెం తక్కువ, 1,350 గ్రాములు. తొమ్మిది పొరల మధ్య ఎనిమిది సందులుంటాయి. వెచ్చదనమంతా ఆ సందుల్లో చిక్కుకున్న గాలిదే, గుడ్డది తక్కువ. లంబసింగిలోనో ఆదిలాబాద్ పల్లెల్లోనో ఉండేవాళ్లకు తొమ్మిది పొరలు ఇవ్వండి. విజయవాడ వాళ్లకు ఆరు చాలు. అక్కడ తొమ్మిది పొరల బొంత ఏడాదిలో పది నెలలు బీరువాలోనే ఉంటుంది. నాలుగు చీరలతో పన్నెండు పొరలు కుట్టడం మాత్రం మొదటిసారి వద్దు. మామూలు సూది దిగదు, దబ్బనం పట్టాలి, దాంతో కుట్టు బరకగా వస్తుంది, వేళ్లు బొబ్బలెక్కుతాయి.

ఇక అసలు లెక్క కుట్లది. పొడవునా అంగుళానికో వరస వేస్తే 45 అంగుళాల పన్నాలో 44 వరసలు పడతాయి. ఒక్కో వరస 72 అంగుళాలు. పావు అంగుళం కుట్టు, పావు అంగుళం ఖాళీ అనుకుంటే అంగుళానికి పైకి కనిపించే కుట్లు రెండు. వరసకు 144. మొత్తం 6,336 కుట్లు. వరసలన్నీ ఒకదాని వెనక ఒకటి పరిస్తే 264 అడుగులు, అంటే 80 మీటర్లు. పొరల మందం దాటి కిందికీ పైకీ తిరిగేటప్పుడు దారం ఇంకో పదిహేను శాతం తింటుంది కాబట్టి 92 మీటర్లు వేసుకోవాలి.

బొంతకు దారం రెండు పేటలుగానే వేస్తారు. బారెడు దారం తెంపి మధ్యకు మడిచి సూదికెక్కిస్తే చేతికొచ్చేది మూడడుగులు. ముడికీ చివరకీ పోను కుట్టుకు మిగిలేది దాదాపు 80 సెంటీమీటర్లు. 92 మీటర్లను దాంతో భాగిస్తే సూదిలో దారం 115 సార్లు ఎక్కించాలి. మొత్తం దారం 210 మీటర్లు. ప్రతిసారీ దారం ఎక్కించడం ఎందుకని బారన్నర, రెండు బారలు తెంపుకునేవాళ్లున్నారు. అది చిక్కుపడుతుంది, పొరల్లోంచి పదే పదే లాగడంతో నలిగి తెగుతుంది. మిగిలిన సమయం చిక్కు విప్పడానికే పోతుంది. చూపు ఆనని అమ్మమ్మ పక్కన సూదికి దారమెక్కించడానికి మనవడో మనవరాలో కూర్చునే ఏర్పాటు చక్కటి పని విభజన. 115 సార్లు ఆవిడ కళ్లజోడు సర్దుకోవాల్సిన పనుండదు.

సమయం సంగతి. చేయి తిరిగినవాళ్లకు కుట్టుకు అయిదు సెకన్లు అనుకుందాం. 6,336 కుట్లకు 8 గంటల 48 నిమిషాలు. దారం ఎక్కించి ముడివేయడానికి నిమిషం చొప్పున దాదాపు రెండు గంటలు. చీరలు పరిచి టాకాలు వేయడానికి రెండు గంటలు, నాలుగు అంచులు మడిచి కుట్టడానికి మరో రెండు. మొత్తం పదిహేను గంటలు. రోజుకు గంటన్నర కూర్చుంటే పది రోజుల పని. కొత్తవాళ్లయితే రెట్టింపు వేసుకోండి. పది రోజుల్లో పెళ్లి పెట్టుకుని వాళ్లు ఈ రోజు సూది పట్టుకుంటే మాత్రం పెళ్లికూతురికి సగం బొంతే అందుతుంది.

వరసల మధ్య దూరం తగ్గిస్తే ఎలా ఉంటుందని అడిగేవాళ్లుంటారు. అరంగుళానికో వరస వేస్తే వరసలు 89 అవుతాయి, కుట్లు 12,816. పని రెట్టింపు, బొంత అట్టలా బిగుసుకుంటుంది, గాలి సందులు అణిగి వెచ్చదనం కూడా కొంత పోతుంది. దగ్గర కుట్టు అందానికి, దూరపు కుట్టు నిద్రకు అని నా అభిప్రాయం. రెండంగుళాలకు ఒక వరస వేసినా చీరల బొంత చెదరదు. దూది నింపిన రజాయికి ఆ వెసులుబాటు లేదు. ఏకిన దూది ఉతుకులో ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది, కాబట్టి కుట్లు దానికి కళ్లెం వేయాలి.

కుట్టుకన్నా ముందు చేసే పనిలోనే బొంత బాగోగులు తేలిపోతాయి. మొదట చీరకున్న ఫాల్ విప్పేయాలి. కింది అంచున అదనపు మందం ఉంటే అక్కడ సూది మొండికేస్తుంది. పైగా ఫాల్ గుడ్డ ఒకలా, చీర ఒకలా ముడుచుకుని అంచు గుంజుకుపోతుంది. గరుకు జరీ అంచు ఒంటికి గీసుకుంటుంది, దాన్నీ కత్తిరించాలి. తర్వాత ఉతికి, ఎండలో ఆరేసి, గది నేల మీద మొదటి మడత పరచాలి. నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టి, మడత మీద మడత, అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమురుతూ రావాలి. కొంగు చిరిగి ఉంటే, మడమ దగ్గర అరిగి ఉంటే ఆ ముక్క లోపలి పొరల్లోకి పోవాలి. గట్టిగా ఉన్న చీర పైకీ కిందికీ రావాలి. అప్పుడు పెద్ద పెద్ద టాకాలు, బెత్తెడు దూరంలో, మధ్యలో మొదలుపెట్టి అంచులవైపు. అంచుల నుంచి లోపలికి టాకాలేస్తే మిగులు గుడ్డంతా మధ్యలో పొట్టలా ఉబ్బుతుంది, కుట్టేటప్పుడు ఆ ఉబ్బును ఎటూ నెట్టలేం. దారాన్ని ఒకసారి కొవ్వొత్తి మీద లాగితే పొరల్లోంచి జారుతుంది. కుట్లు పూర్తయ్యాకే టాకాలు లాగేయాలి.

మధ్య నుంచి బయటికి అన్నది మన పద్ధతి. ఉత్తర కర్ణాటక సిద్దీ తెగ మహిళలు దీనికి తిరగేసి చేస్తారు. కవుదీ అనే వాళ్ల బొంత అంచు దగ్గర మొదలై చుట్లు తిరుగుతూ నడిబొడ్డుకు చేరుతుంది, ముక్కలను వెళ్తూ వెళ్తూనే అతుకుతారు. మూలల్లో గుడ్డను ముక్కోణంగా మడిచి పువ్వు పెట్టకపోతే కవుదీ పూర్తయినట్టు కాదు. బెంగాలీ కాంథా కూడా పాత చీరల పొరలే, కాకపోతే ఒకప్పుడు కుట్టే దారాన్ని కూడా చీర అంచులోంచే లాగేవాళ్లు. బిహార్ సుజనీ కుట్టుపనికి 2006లో, బెంగాల్ నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పసిపిల్లల బొంతకు లెక్క తేలిక. చీరను 36 అంగుళాలకో ముక్క చేస్తే ఆరు ముక్కలు, పన్నాను సగం చేస్తే పన్నెండు. నాలుగు పొరలకో బొంత అనుకుంటే ఒక్క చీరలో మూడు బొంతలు వస్తాయి. ఒక్కోటి 36 అంగుళాల పొడవు, ఇరవై రెండున్నర వెడల్పు, బరువు 150 గ్రాములు. 22 వరసలు, వరసకు 72 కుట్లు, మొత్తం 1,584. పెద్ద బొంతలో సరిగ్గా నాలుగో వంతు. రెండు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. బిడ్డ పుట్టకముందే కొత్త బట్టలు కొనకూడదన్న ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉంది, పాత చీరకు ఆ అడ్డు లేదు. మొదటిసారి కుట్టేవాళ్లు దీంతోనే మొదలుపెట్టడం మంచిది.

ఒక జాగ్రత్త. ఏడాది నిండని పిల్లలు నిద్రపోయే చోట వదులు దుప్పట్లు, బొంతలు ఉంచవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ముఖం మీదికి జారి ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. నూనె రాసేటప్పుడు, బోర్లాపడే వయసులో మెలకువగా ఆడుకునేటప్పుడు కింద పరచడానికే అని ఇచ్చేటప్పుడే చెప్పండి. కుట్టడం మొదలుపెట్టేటప్పుడు గుండుసూదులు లెక్కపెట్టుకుని, అయిపోయాక మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే దొరికేదాకా బొంత చేయి దాటకూడదు.

అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే అమ్మలకు ఇంకో లెక్క ఉంది. విమానంలో ఒక్కో పెట్టెకు సాధారణంగా 23 కిలోలు. తొమ్మిది పొరల బొంత అందులో ఆరు శాతం. పిల్లల బొంతలు మూడూ కలిపి అరకిలో కూడా లేవు. గాలి లాగేసే సంచిలో పెడితే చోటు తగ్గుతుంది కానీ బరువు తగ్గదు. ఆవకాయ జాడీకీ పెద్ద బొంతకూ పోటీ వస్తే ఏది గెలుస్తుందో నేను చెప్పను.

పైపొర రంగురంగుల అతుకులతో కావాలంటే బీరువా తెరవండి. వరలక్ష్మీ వ్రతాలకీ పేరంటాలకీ వచ్చిన జాకెట్ ముక్కలు అక్కడే ఉంటాయి. ఆరంగుళాల చదరాలు పొడవుకు 12, వెడల్పుకు 7, మొత్తం 84. రెండు పక్కలా ఒకటిన్నర అంగుళాల పట్టీ వేస్తే 45 అంగుళాల పన్నా నిండుతుంది. చదరాన్ని ఆరున్నర అంగుళాలకు కత్తిరించాలి, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. ఇది మరచిపోయి సరిగ్గా ఆరుకే కత్తిరిస్తే ఒక్కోటీ అయిదున్నరకు దిగుతుంది, 12 చదరాల పొడవు 66 అంగుళాలే వస్తుంది. అరడుగు గల్లంతు. 80 సెంటీమీటర్ల పొడవు, 36 అంగుళాల పన్నా ఉన్న జాకెట్ ముక్కలో 20 చదరాలు తెగుతాయి. అంటే అయిదు ముక్కలు చాలు, ఇంకా పదహారు చదరాలు మిగులుతాయి. వాటితో కాఫీ గ్లాసు కింద వేసే గుడ్డలో, కళ్లజోడు సంచో కుట్టి పక్కింటివాళ్లకు ఇవ్వొచ్చు.

వాయనం ముక్కలన్నీ నూలు కావు. అంచున రెండు పోగులు లాగి అగ్గిపుల్ల చూపించండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. పూస కట్టినదాన్ని బొంతలో పెట్టకండి, చెమట పీల్చదు. రంగు దిగుతుందేమో చూడటానికి తడి తెల్లగుడ్డతో రుద్దితే చాలు. కొత్త నూలు ముక్కలు మొదటి ఉతుకులో మూడు నుంచి అయిదు శాతం కుంచించుకుంటాయి, ఉతికి ఆరబెట్టాకే కత్తెర పెట్టాలి. పాత పట్టుచీరలతో మాత్రం ప్రయోగం వద్దు. మడతల దగ్గర చీలిపోయిన పట్టు వాడుకకు ఆగదు, ఉతుక్కి అసలే ఆగదు.

కొత్త గుడ్డ కొని కుట్టడం కన్నా పాత చీరే మేలనడానికి ఇంకో అంకె కూడా ఉంది. కిలో నూలుగుడ్డ తయారీకి ప్రపంచ సగటున 10,000 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని అంచనా. మన మూడు చీరలకు 13,500 లీటర్లు ఎప్పుడో ఖర్చయిపోయాయి.

చివరగా డబ్బు లెక్క. పాత చీరలకు ధర లేదు, దారానికి ఉన్నా నామమాత్రం. గంటకు వంద రూపాయలే వేసుకున్నా పదిహేను గంటలకు 1,500. అందువల్ల ఒక బొంత చూసి "మాకూ ఒకటి కుట్టిపెట్టు వదినా, దారం డబ్బులిచ్చేస్తాం" అనేవాళ్లకు ఈ లెక్క చూపించడంలో మొహమాటపడనక్కర్లేదు. మనసుకు దగ్గరైనవాళ్లకు ఊరికే కుట్టండి. మిగతావాళ్లు కూలి ఇవ్వాలి. ఇద్దరూ చీరలు మాత్రం ఉతికి, ఫాల్ విప్పి, జరీ తీసి తెచ్చి ఇవ్వాలి. కుట్టేవాళ్లకు ఒక పూట పని తగ్గుతుంది.