తిథి లేని పండుగలు

పండుగ ఎప్పుడని అడిగినచో మన పెద్దలు పంచాంగము తీసి చూచెడివారు. చైత్ర శుద్ధ పాడ్యమి వచ్చినగాని ఉగాది లేదు. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించినగాని సంక్రాంతి లేదు. నెలవంక కంటబడినగాని రంజాను పండుగ లేదు. ఆకాశము అనుమతించిన పిమ్మటనే నేలమీద పిండివంటలు మొదలగుట మన ఆచారము. ఇటీవల ఆకాశముతో ఎట్టి నిమిత్తమును లేని పండుగలు కొన్ని మన మధ్యకు వచ్చినవి. మే 21 టీ దినము, జూన్ 21 సంగీత దినము, జూలై 7 చాక్లెట్ దినము, జూలై 29 లిప్‌స్టిక్ దినము, అక్టోబరు 1 కాఫీ దినము. ఇట్లు చెప్పుకొనుచు పోయినచో సంవత్సరములోని 365 దినములును చాలవు. ఏకాదశి నాడు ఉపవాసము విధి. కాఫీ దినము నాడు ఉపవాసము మహాపరాధము! వీనికి మడి లేదు, మంత్రము లేదు, పురోహితుడు లేడు. కప్పు నిండిన చాలును, ఫొటో చక్కగా వచ్చిన చాలును.

వీనిని చూచి నవ్వి ఊరకుండుట సులభము. కాని నవ్వు ముగిసిన పిమ్మట ఆలోచింపదగిన విషయ మొకటి ఇందులో ఉన్నది. ముఖ్యముగా పిల్లలకు తేదీలను వల్లెవేయించు ఉపాధ్యాయులును, వాటిని వల్లెవేయు విద్యార్థులును దానిని గూర్చి కొంచెము విచారింపవలసి యున్నది.

సైబరాబాదు పంచాంగము

ఈ కొత్త పండుగలు తెలుగునాట చక్కగా వేరు పట్టిన చోటు హైదరాబాదునకు పడమటనున్న మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గముల ప్రాంతము. ఒక తరము వెనుక అచ్చట బండరాళ్లు, తుప్పలు మాత్రమే యెక్కువగా కనబడెడివి. 1998 నవంబరు 22 నాడు అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. దాని చుట్టును హైటెక్ సిటీ పెరిగినది. పరిసరములకు సైబరాబాదు అను పేరు స్థిరపడినది. 2019 మార్చిలో మెట్రో రైలు అచ్చటికి చేరినది.

ఆ అద్దాల మేడలలో పనిచేయువారు ఒక ఊరివారు కారు, ఒక భాషవారు కారు. శ్రీకాకుళపు పిల్ల ప్రక్కన ఆదిలాబాదు పిల్లవాడు, అతని ప్రక్కన మలయాళీ, ఎదుట బంగాళీ, ఆవల బీహారువాసి కూర్చుందురు. ఒకరికి బతుకమ్మ, ఒకరికి ఓణము, ఒకరికి దుర్గాపూజ, ఒకరికి ఛఠ్. వీరి పనికి ప్రతిఫల మిచ్చువాడు సముద్రముల కావల నుండును. అతని పగలు వీరికి రాత్రి, అతని సెలవు వీరికి విశ్రాంతి. ఇట్టి చోట అందరును కలిసి నవ్వుకొనుటకు ఒక ఉమ్మడి దినము కావలెను గదా! కాఫీ దినము ఎవరి మతముతోను తగవు పడదు, ఎవరి భాషను తక్కువ చేయదు. కార్యాలయములో ఒక మూల రంగుకాగితములు కట్టి, ఇద్దరు పాట పాడి, నలుగురు చప్పట్లు కొట్టినచో, నిన్నటివరకు పరిచయము లేనివారు నేడు పేరు పెట్టి పిలుచుకొందురు. ఈ మేలును కాదనుట న్యాయము కాదు.

అయినను పండుగకు తిథి అక్కరలేకపోయిన, పుట్టుక అక్కరలేదా? ఉగాది ఎందుకని అడిగిన బిడ్డకు అవ్వ ఏదో యొక సమాధానము చెప్పును. టీ దినము ఎందుకని అడిగిన బిడ్డకు మనము ఏమి చెప్పుదుము? ఇచ్చటనే మన చర్చ మొదలగుచున్నది.

డోనట్ చెప్పు పాఠము

తేలికగా కనబడు దినములన్నియు తేలికగా పుట్టినవి కావు. సైబరాబాదు అంగళ్లలో నేడు అద్దాల పెట్టెలలో మెరయుచుండు డోనట్ అను తీపి గారెను చూడుడు. దానికిని అమెరికాలో ఒక దినము కలదు. అది జూన్ నెలలోని మొదటి శుక్రవారము. మొదటి ప్రపంచయుద్ధములో ఫ్రాన్సు రణరంగమునకు వెళ్లి, అమెరికా సైనికులకు డోనట్లు వేయించి పెట్టిన స్త్రీల గౌరవార్థము, 1938లో షికాగో నగరమున సాల్వేషన్ ఆర్మీ అను సేవాసంస్థ ఆ దినమును ప్రారంభించినది. అది ఘోరమైన ఆర్థికమాంద్యపు కాలము. పేదలకు సహాయనిధి కూర్చుటయు ఆ దినముయొక్క ఉద్దేశము. తీపిగారె వెనుక యుద్ధము, యుద్ధము వెనుక తల్లి మనసు, ఆ మనసు వెనుక ఆకలిగొన్నవారి కొరకు పట్టిన జోలె. ఇంత కథ గల దినమును ‘ఒకటి కొన్న ఒకటి ఉచితము’ అను ప్రకటన క్రింద మరచిపోవుట ఎంత సులభమో చూచితిరా?

టీ దినము ఎవరిది?

మన కథకు మరింత దగ్గరగా వత్తము. హైదరాబాదులో టీ అనగా ఇరానీ చాయ్. పారశీకదేశమునుండి, చాలమంది బొంబాయి మీదుగా, వలస వచ్చిన కుటుంబములవారు పెట్టిన హోటళ్లలో అది పెరిగినది. డికాక్షనును మూతపెట్టిన పాత్రలో సన్నని సెగపై చాలసేపు ఉంచుదురు. పాలను వేరుగా చిక్కబడునట్లు కాచుదురు. రెంటిని కప్పులోనే కలుపుదురు. ప్రక్కన ఉస్మానియా బిస్కట్టు ఉండవలెను. పాతబస్తీలోని ఈ రుచి నేడు హైటెక్ సిటీ వరకు నడచి వచ్చినది. అర్ధరాత్రి పని దిగివచ్చిన యువకులకు అది ఊరటయు, సభాస్థలియు.

ఈ చాయ్‌కి ఒక దినము ఏర్పడుటలో భారతదేశమునకు ముఖ్యపాత్ర యున్నదని మనలో చాలమంది ఎరుగరు. మొదటి అంతర్జాతీయ టీ దినము 2005 డిసెంబరు 15న ఢిల్లీలో జరిగినది. దానిని ప్రారంభించినవారు టీ అమ్మువారు కారు. టీ పండించు దేశముల కార్మిక సంఘములవారు. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున వేలితో గిల్లి బుట్ట నింపు తోటకూలీలకు, అందులో అధికసంఖ్యాకులైన స్త్రీలకు, తగిన కూలియు చిన్నరైతులకు తగిన ధరయు రావలెనని లోకమునకు చెప్పుట వారి కోరిక. పిమ్మట 2015లో భారతదేశము ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎదుట ఈ విషయమును ప్రతిపాదించినది. 2019 డిసెంబరులో సమితి సర్వసభ్యసభ మే 21ని అంతర్జాతీయ టీ దినముగా ప్రకటించినది. చాల దేశములలో మంచి టీ ఆకు కోతకు వచ్చు కాలము మే నెల యగుటచే ఆ తేదీ కుదిరినది.

కాఫీ దినపు తేదీ మరొక తీరుగా కుదిరినది. అంతర్జాతీయ కాఫీ సంస్థవారి లెక్కలలో కాఫీ సంవత్సరము అక్టోబరు 1న ఆరంభమగును; 2015లో ఆ తేదీననే మొదటి కాఫీ దినమును మిలాన్ నగరమున ప్రారంభించిరి. ఒకటి కోత తెచ్చిన తేదీ, రెండవది ఖాతాపుస్తకము తెచ్చిన తేదీ. అయినను కాఫీకిని కొండవాలు ఉన్నది. అరకు ప్రాంతమున సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియపు తీగల నడుమ గిరిజన రైతులు పండించు అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన సైబరాబాదు కాఫీ వేడుకలో ఇటలీ పేర్లు గల పానీయములు పది వినబడును. అరకు పేరు వినబడిన నాడు అది మన పండుగ యగును.

ఈ దినముల ఫొటోలలో కప్పు కనబడును. ఆ కప్పు కడిగిన చేయి కనబడదు. వేడుక జరుగు కార్యాలయములో టీ తెచ్చువాడు, నేల తుడుచు ఆమె, తలుపు కడ నిలుచు కాపలాదారు ఆ నాడు కూడ పనిలోనే యుందురు. కార్మికులు కనిన దినమున కార్మికుడే పరాయివాడగుట విచిత్రము.

పెదవిరంగు, నూలురంగు

జూలై 29 లిప్‌స్టిక్ దినము అమెరికానుండి వచ్చినది. దానికి సరిగా తొమ్మిది రోజుల తరువాత, ఆగస్టు 7న, జాతీయ చేనేత దినము వచ్చును. రెండును అలంకారమునకు సంబంధించినవే. రెండును రంగునకు సంబంధించినవే. కాని వాని వంశచరిత్రలు వేరు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలులో విదేశ వస్తు బహిష్కారమును నిర్ణయించి స్వదేశీ ఉద్యమమును ఆరంభించిరి. ఆ జ్ఞాపకార్థము 2015 నుండి ఆ తేదీని చేనేత దినముగా జరుపుచున్నారు.

సైబరాబాదునకు అందము అతిథిగా వచ్చిన సంవత్సరము 2025. ఆ మే 10న గచ్చిబౌలి క్రీడాప్రాంగణమున 72వ ప్రపంచసుందరి పోటీలు ప్రారంభమైనవి. నూరుమందికి పైగా దేశదేశముల యువతులు వచ్చిరి. మే 31న మాదాపూరు హైటెక్స్‌లో థాయిలాండు యువతి ఓపల్ సుచాత చువాంగ్‌శ్రీ కిరీటము ధరించెను. నడుమ కొందరు పోటీదారులు భూదాన్ పోచంపల్లికి వెళ్లి మగ్గములను చూచిరి. 1951లో వినోబా భావే భూదానోద్యమము పుట్టిన ఊరు అదియే. అచ్చటి నేతలో గుడ్డ నేసిన పిమ్మట రంగు వేయరు. నేయుటకు ముందే నూలును చిటికి కట్టి, కట్టిన చోట రంగు అంటకుండ ముంచి తీయుదురు. అందుచే పూవు పూర్తిగా నేతగాని తలలో పూచిన పిమ్మటనే మగ్గముమీద పూచును.

ఈ నేతకు ముందు ఆసు పోయుట అను పని కలదు. అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకుల చుట్టు దారమును చేతితో త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 పర్యాయములు ఇటునటు ఆడవలెను; దినమునకు రెండు చీరలైన 18,000 పర్యాయములు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి ఈ పనిచే భుజముల నొప్పితో బాధపడుట చూచి, చిన్న వయసుననే చదువు మానినవాడైనను, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రము తయారుచేసెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. సౌందర్య దినమని పిల్లలకు చెప్పదలచినచో ఈ కథ చెప్పవచ్చును. తల్లి భుజము నొప్పి తగ్గిన దినము కంటె సుందరమైన దినము ఏది?

తేదీకి సాక్ష్యము

వినోదమునకు వత్తము. 2022లో దేశములోని మల్టీప్లెక్సుల సంఘమువారు జాతీయ సినిమా దినమును ప్రకటించిరి. మొదట సెప్టెంబరు 16 అనిరి. పిదప 23కు మార్చిరి. ఆ నాడు టిక్కెట్టు 75 రూపాయలు. 2023లో అక్టోబరు 13న, 2024లో సెప్టెంబరు 20న 99 రూపాయలు. ఇది చంద్రునితో గాక వ్యాపారముతో కదలు తిథి. అయినను ధర తగ్గినచో ప్రేక్షకులు వత్తురని అది నిరూపించినది. ఇదియు ఒక పాఠమే.

మన తెలుగు సినిమా దినము కథ ఇంతకంటె రుచికరము. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చాలకాలము అందరును వ్రాసిరి, అందరును నమ్మిరి. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత ఆధారములను వెదకి, ఆ చిత్రమునకు సెన్సారు అనుమతి 1932 జనవరి 22న మాత్రమే లభించినదనియు, విడుదల 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో జరిగినదనియు చూపిరి. చిత్రపరిశ్రమ 2025లో ఫిబ్రవరి 6నే తెలుగు సినిమా దినముగా అంగీకరించినది. ఒక తేదీని సరిదిద్దుటకు ఒక మనిషి ఎన్ని పాత కాగితములు తిరుగవేయవలెనో విద్యార్థులు గ్రహింతురు గాక. పదిమంది చెప్పినంత మాత్రమున తేదీ సత్యము కాదు.

జూన్ 21 సంగీత దినమునకు మరియొక గుణ మున్నది. 1982లో ఫ్రాన్సు సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్, సంగీతశాఖాధిపతి మోరిస్ ఫ్లోరే దానిని ఆరంభించినప్పుడు పెట్టిన నియమము చిన్నది: విద్వాంసుడైనను, నిన్ననే నేర్చుకొన్నవాడైనను, వీధిలోకి వచ్చి వాయింపవలెను, వినువాడు పైకము ఇయ్యనక్కరలేదు. కొనుటకు ఏమియు లేని దినము, చేయుటకు మాత్రమే ఉన్న దినము. బతుకమ్మ పేర్చుటలో, ఉగాది పచ్చడి కలుపుటలో మనకున్న ఆనందము ఇట్టిదే. చేయి కదలినచో వేడుక పండుగ యగును. సంచి మాత్రమే కదలినచో అది సంతగానే మిగులును.

బడిలో ఏమి చేయవచ్చును?

కావున ఈ తేలిక దినములను వెక్కిరింపవలదు, నెత్తిన పెట్టుకొననువలదు, విచారింపవలెను. ఉపాధ్యాయులు ఏ దినమునైనను నల్లబల్లమీద వ్రాసి నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. దీనిని ఎవరు పుట్టించిరి? ఈ తేదీయే ఎందుకు? ఆ వస్తువు ఎవరి చేతులమీదుగా మనకు వచ్చుచున్నది? ఈ నాడు మనము కొనుటకాక చేయగల పని ఏమి? ఈ నాలుగింటికి జవాబు వెదకు బిడ్డకు చరిత్ర, భూగోళము, అర్థశాస్త్రము, నీతి ఒకే గంటలో పట్టుబడును.

ఒక చిక్కు ఉన్నది. మే 21న మన బడులకు వేసవి సెలవులు. కాని కార్మికులు మొదట ఎన్నుకొన్న డిసెంబరు 15న చాలవరకు బడి యుండును. ఉదయము చలిగా కూడ ఉండును. ఆ నాడు బడికి టీ తెచ్చి ఇచ్చు మనిషిని తరగతిలోకి పిలిచి కూర్చుండబెట్టి, పెద్ద తరగతి పిల్లలు తామే కాచిన టీని మొదటి కప్పు ఆయనకు ఇయ్యవచ్చును. ఆయన ఊరు, పేరు, ఎన్ని గంటలకు నిద్ర లేచునో అడిగి తెలిసికొనవచ్చును.