ఎదగని జీవి, ఎదగనివ్వని జీవి

పెళ్లికూతురి పట్టుచీరకీ, ఎక్కడో మెక్సికో నీళ్లల్లో తిరిగే ఓ వింత జీవికీ పోలికేమిటి అనుకుంటున్నారా? ఉంది. రెండింటి వెనకా పెద్దకాని బతుకులే ఉన్నాయి.

ఆ జీవి పేరు ఆక్సొలోటల్. సాలమాండర్లలో ఒక రకం. చూడ్డానికి బల్లిలా ఉన్నా కప్పకి చుట్టం. సాలమాండర్లలో చాలా రకాలు నీళ్లలో పుట్టి, పెద్దయ్యాక మొప్పలు పోయి ఒడ్డెక్కుతాయి. ఇది ఎక్కదు. థైరాయిడ్ హార్మోను చాలక, మెడ పక్కన కుచ్చుల్లాంటి మొప్పలతో పసిరూపంలోనే ఉండిపోతుంది. అలాగే గుడ్లు పెడుతుంది. తొట్లలో పది, పదిహేనేళ్లు బతుకుతుంది. కాలు తెగితే మళ్లీ మొలుస్తుంది కూడా!

ఇక మన పట్టుపురుగు. ఇంచుమించు నెలరోజులు మల్బరీ ఆకు మేసి, నాలుగుసార్లు కుబుసం విడిచి, చుట్టూ గూడు అల్లుకుంటుంది. ఒక్క గూటి దారం కిలోమీటరు దాకా వస్తుంది. లోపల ప్యూపాగా మారి, కొన్నాళ్లకు రెక్కలతో బయటికి రావాలి. రానిస్తేగా! గూడు చీల్చుకొస్తే దారం ముక్కలవుతుంది. అందుకే ముందే వేడితో చంపేస్తారు. విత్తనానికని ఉంచినవే చిలుకలవుతాయి. వేల ఏళ్ల పెంపకంలో అవి ఎగరడం కూడా మరిచిపోయాయి. ఏమీ తినకుండా, వందల గుడ్లు పెట్టి, కొద్దిరోజుల్లో పోతాయి.

రెండూ మనిషి చేతుల్లో పడ్డవే. 1864లో ప్యారిస్ చేరిన కొద్దిపాటి ఆక్సొలోటళ్ల సంతతి ఎన్నో దేశాల ప్రయోగశాలలకు పాకింది. సొంతూరైన మెక్సికో నగరంలోని సోచిమిల్కో కాలువల్లో మాత్రం, 1998లో చదరపు కిలోమీటరుకు 6,000 దాకా ఉన్నవి 2014కల్లా 36కి పడిపోయాయి. మురుగునీరూ, బయటినుంచి తెచ్చి వదిలిన తిలాపియా, కార్ప్ చేపలూ కారణం. 2021లో 50 పెసోల నోటు మీద బొమ్మ మాత్రం వేశారు!

నోట్ల మీద బొమ్మ వేసినా, వేళకింత ఆకు పెట్టినా, దాని బతుకు దాన్ని బతకనివ్వకపోతే అదేం ఆదరణ చెప్పండి?

దారి లేకపోలేదు. మన తెలంగాణకు చెందిన కుసుమ రాజయ్య, చిలుక బయటికి వచ్చేశాక మిగిలిన గూళ్ల నుంచే దారం తీయించి ‘అహింసా పట్టు’ నేయించారు. తెగిన గూడు కాబట్టి దారం వడకాలి. మెరుపు కాస్త తగ్గుతుంది, ధర కాస్త పెరుగుతుంది. ఈసారి కొట్లో జరీ అంచుతోపాటు ఆ సంగతీ అడిగి చూడండి. పదిమందిమి అడిగితే తెప్పించకపోతారా?