పుట్టుకతో వచ్చేదేమిటి? - జన్యువు, ప్రొటీన్, కులం

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన భాషలో సామెత ఉంది. ఊళ్లో పంచాయితీ అయినా, కాలేజీలో సీటు గొడవయినా ఈ మాట ఏదో ఒక రూపంలో బయటికొస్తుంది. 1990లో మండల్ సిఫార్సులకు ఎదురుగా రోడ్డెక్కినవాళ్లు ‘ప్రతిభ’ పేరుతో అన్నదీ ఇదే. ఒకప్పుడు కర్మ అన్నారు, తర్వాత రక్తం అన్నారు, ఇప్పుడు జీన్స్ అంటున్నారు. మాట మారింది గానీ భావం మారలేదు.

దీనికి జవాబు చెప్పాలంటే అంతా అబద్ధం అని కొట్టిపారేస్తే చాలదు. పుట్టుకతో కొన్ని నిజంగానే వస్తాయి. ఏవి వస్తాయి, ఎట్లా వస్తాయి, ఏవి రావు అన్నది కార్యకర్తలకూ, విద్యార్థులకూ, పాఠాలు చెప్పేవాళ్లకూ స్పష్టంగా తెలియాలని మేం అనుకుంటున్నాం. అందుకు ఆదివాసుల్లోనూ కొన్ని దళిత కులాల్లోనూ ప్రాణాలు తీస్తున్న సికిల్ సెల్ జబ్బునే ఉదాహరణగా తీసుకుంటున్నాం.

జన్యువు చేసే పని

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములుంటాయి. 23 తల్లి ఇచ్చినవి, 23 తండ్రి ఇచ్చినవి. వాటిలో ఉండే పొడవాటి పోగే డీఎన్‌ఏ. అది నాలుగు రసాయన అక్షరాలతో రాసిన రాత. ఆ రాతలో ఒక్కో ప్రొటీన్‌ను ఎట్లా తయారు చెయ్యాలో చెప్పే ముక్కను జన్యువు అంటాం. మనిషిలో ఇటువంటి జన్యువులు సుమారు 20 వేలు.

ప్రొటీన్ అనగానే పప్పు, గుడ్డు గుర్తుకొస్తాయి. కానీ ఒంట్లో పని చేసే కూలీలు ప్రొటీన్లే. తిన్నది అరిగించేవి, కండరాన్ని కదిలించేవి, రోగంతో పోరాడేవి అవే. ప్రొటీన్ ఒక పూసల దండ లాంటిది. పూసలు 20 రకాల అమైనో ఆమ్లాలు. డీఎన్‌ఏలో మూడేసి అక్షరాలు ఒక్కో పూస పేరు చెప్తాయి. ఆ వరుసలోనే పూసలు గుచ్చుకుంటాయి. తర్వాత దండ మడతలు పడి ఒక ఆకారానికొస్తుంది. ఆకారాన్ని బట్టే అది చేసే పని.

అంటే జన్యువులో రాసి ఉండేది పూసల వరుస. సోమరితనం, దొంగబుద్ధి, శుచి, భక్తి అనే పూసలు అందులో లేవు.

ఒక్క అక్షరం తేడా

ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎత్తుకుని ఒళ్లంతా పంచడం దాని పని. అందులో నాలుగు దండలుంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా దండలో 146 పూసలు. దాని జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది.

1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, గ్రెనడా దీవి నుంచి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాల గురించి రాశాడు. జబ్బు పేరు అట్లా వచ్చింది. తప్పు హిమోగ్లోబిన్‌లోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపింది. ఆ తప్పు ఒకే ఒక్క పూసలో ఉందని 1950లలో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చాడు. బీటా దండలో ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లం కావాలి. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారడం వల్ల ఆ చోట వేలీన్ అనే పూస పడుతుంది.

అంత చిన్న తేడాకే ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్‌లు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి కడ్డీల్లా తయారవుతాయి. మెత్తగా గుండ్రంగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగి బిగుసుకుపోతుంది. సన్నని రక్తనాళాల్లో అడ్డంపడుతుంది. ఎముకల్లో, కీళ్లలో, రొమ్ములో భరించలేని నొప్పి వస్తుంది. మామూలు కణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజుల్లోనే చచ్చిపోతుంది. అందువల్ల రక్తం చాలదు.

ప్రతి మనిషికీ ఈ జన్యువు ప్రతులు రెండుంటాయి. ఒకటే మారినదైతే సాధారణంగా జబ్బు ఉండదు. అటువంటివాళ్లను వాహకులు అంటారు. రెండూ మారినవైతేనే జబ్బు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇక్కడ తప్పు తల్లిది అనడానికి వీల్లేదు. తండ్రి ఇచ్చిన ప్రతి లేకుండా బిడ్డకు ఈ జబ్బు రాదు.

ఇది తక్కువ రక్తమా?

ఈ జన్యువు ఎక్కడెక్కడుందో చూస్తే ఆఫ్రికా, అరబ్ దేశాలు, గ్రీసు, ఇటలీలోని సిసిలీ కనిపిస్తాయి. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో దీన్ని గుర్తించారు. ఆదిలాబాద్ గోండుల్లో, గోదావరి ఏజెన్సీ కోయల్లో, విదర్భ మహర్లలో ఉంది. గ్రీకువాడికీ, కోయవాడికీ, మహర్‌కూ కలిసేదేమిటి? మలేరియా. ఒక ప్రతి మాత్రమే మారినవాళ్లకు ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. దోమలున్నచోట ఆ జన్యువున్నవాళ్లు ఎక్కువగా బతికారు, బిడ్డల్ని కన్నారు. కాబట్టి ఇది దోమ, అడవి, ఆకలి రాసిన చరిత్ర. ఎక్కువ తక్కువల లెక్క కాదు.

కంచె వేసిందెవరు?

కులానికి మూలం కులం లోపలే పెళ్లి అని డాక్టర్ అంబేద్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో చెప్పారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సుమారు 4200 నుంచి 1900 ఏళ్ల కిందట ఈ దేశంలో జనం విస్తారంగా కలిసిపోయారు. ఆ తర్వాతే తలుపులు మూసుకున్నాయి. శుద్ధమైన రక్తం ఏ కులానికీ లేదు.

తలుపు మూసుకుంటే నష్టం పైవాళ్లకూ తప్పలేదు. ఆపరేషన్ ముందు కండరాలు వదులయ్యేందుకు సక్సమిథోనియం అనే మందిస్తారు. మామూలుగా ఒక ప్రొటీన్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆ ప్రొటీన్‌లో ఒక పూస మారి ఉంటుంది. రెండు ప్రతులూ అట్లాంటివైతే గంటలకొద్దీ సొంతంగా ఊపిరాడదు, యంత్రంతో ఊపిరి అందించాలి. ఆ మందు తగలకపోతే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఎవరినీ ఎత్తిపొడవడానికి ఇది చెప్పడం లేదు. కంచెలో కొద్దిమందే తరతరాలుగా పెళ్లాడితే అరుదైన తప్పులు పోగుపడతాయి. అందులో గొప్పా లేదు, నీచమూ లేదు.

రక్తపరీక్ష ఎవరి చేతిలో?

అమెరికాలో నల్లవాళ్లకు సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. అయినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1971లో బ్లాక్ పాంథర్లు తామే బస్తీల్లో ఉచిత పరీక్షలు మొదలుపెట్టారు. మరుసటి ఏడే వాళ్ల పేరు స్ఫూర్తితో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. ఆ సంవత్సరాల్లోనే కొన్ని అమెరికా రాష్ట్రాలు నల్లవాళ్లకు పరీక్షను నిర్బంధం చేశాయి. జబ్బు లేని వాహకులకు కూడా ఉద్యోగాలు, బీమా పోయాయి. పరీక్ష అదే, చేతులు వేరు.

మన దేశంలో 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. ఏడు కోట్లమందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన లక్ష్యం. పరీక్ష కావాల్సిందే. కానీ చేతికి కార్డిచ్చి ఊరుకుంటే అది పెళ్లిచూపుల్లో ఆడపిల్లకు వెలివేత కాగితం అవుతుంది. పరీక్షతో పాటు హైడ్రాక్సీయూరియా మాత్రలు, పసిపిల్లలకు టీకాలు, అవసరమైనప్పుడు రక్తం ఏజెన్సీలోనే దొరకాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును చేర్చింది గానీ, అదే చట్టంలోని ఉద్యోగ రిజర్వేషన్‌లో దీనికి చోటివ్వలేదు. ఇది అడగాల్సిన విషయం.

ప్రతిభకు జన్యువుందా?

ఒక్క అక్షరంతో వచ్చే సికిల్ సెల్ వంటివి కొన్నే. ఎత్తు సంగతి చూడండి. 50 లక్షలకు పైగా మనుషుల్ని పరిశీలించిన 2022 నాటి అధ్యయనంలో దాదాపు 12 వేల జన్యు తేడాలు ఎత్తుతో ముడిపడి కనిపించాయి. అన్ని ఉన్నా తిండి లేకపోతే ఎత్తు రాదు. దక్షిణ కొరియా ఆడవాళ్ల సగటు ఎత్తు ఒక్క శతాబ్దంలో 20 సెంటీమీటర్లు పెరిగింది. అంతలో వాళ్ల జన్యువులు మారిపోలేదు. మారింది కంచం, నీళ్లు, వైద్యం. టేపుతో కొలిచే ఎత్తే ఇట్లా ఉంటే, బడి, భాష, భయం, అవమానం అన్నీ కలిసి తయారుచేసే పరీక్ష మార్కుల్ని జన్యువుకు అంటగట్టడం ఏ శాస్త్రం?

పుట్టుకతో వచ్చేవి ప్రొటీన్ల రాతలు. వాటిలో కొన్ని నొప్పి తెస్తాయి, కొన్ని మలేరియా నుంచి కాపాడతాయి. వాడ, బావి, పేరు వెనక తోక పుట్టిన తర్వాత జనం తగిలించేవి. మొదటివాటికి మందు, ఆసుపత్రి అడుగుదాం. రెండోవాటికి మందు పోరాటమే. ఈ రెండిటినీ కలిపి ‘రక్తం’ అనే ఒక్క మాట కింద దాచేవాళ్లను ఏ క్లాసులో, ఏ సభలో ఎదురైనా ప్రశ్నించడం మనందరి పని.