ఒకే ప్రమాణమునకు లోబడిన దూరదర్శినులు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకై ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెన్ పండితుడును, ఆంగ్లేయ సైనికోద్యోగి టెనెంటును గుంటూరున విడిసియుండగా, మద్రాసు వేధశాలాధికారి పాగ్సను మచిలీపట్టణమున తన పరికరములను నిలిపియుండెను. సూర్యబింబపుటంచున ఎగసిన జ్వాలల వర్ణపటములో వారు ప్రకాశవంతములగు రేఖలను గాంచిరి. అందలి పసుపుపచ్చని రేఖ సోడియమునకు చెందినదా, కాదా యను సంశయము అప్పుడే పొడమెను. అది హీలియమను క్రొత్త వాయువు గుర్తని స్థిరపడుటకు మఱికొంత కాలము పట్టెను. ఎవరి పరికరము వారి తీరుననే యుండుటచేత ఒకరి కొలతను మఱియొకరి కొలతతో సరిపోల్చుట సులభము కాలేదు. పల్నాటి ముంగిట జరిగిన యీ సంగతిని మనవారు హీలియము కథగా మాత్రమే చెప్పుకొనుచుందురు. పలు తావుల నిలిచిన దూరదర్శినులు ఒకే నేత్రముగా పనిచేయవలెనన్న వాని కొలమానము మొదట ఒకటి కావలయునని కూడ అది తెలుపుచున్నది. నాకీ రెండవ యర్థమే ముఖ్యముగా తోచును.

1887లో పారిస్ నగరమున కూడిన జ్యోతిశ్శాస్త్రవేత్తలు ఆకాశమునంతటిని ఛాయాచిత్రములలో నిలుప సంకల్పించి, దానిని మండలములుగా పంచుకొని, ఏ దేశపు వేధశాల తీసిన ఫలకమైనను దానిమీది 1 మిల్లీమీటరు ఆకాశమున 1 కళకు, అనగా డిగ్రీలో 60వ పాలునకు, సరిపోవలెనని నియమించిరి. నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన హైదరాబాదు నిజామియా వేధశాల, తొలుత చిలీ దేశపు సాంటియాగోకు కేటాయింపబడిన దక్షిణ 17 మొదలు 23 డిగ్రీల మండలమును తాను స్వీకరించి, ఇంగ్లండున కుక్ కంపెనీవారు చేసిన యంత్రముతో పని సాగించెను. వేధశాలాధికారి పోకాక్ దొర పిమ్మట టి. పి. భాస్కరన్‌గారి యాజమాన్యమున దశాబ్దములపాటు నడచిన ఆ కృషి ఫలితముగా ఏడు లక్షలకు మించిన నక్షత్రముల స్థానములు 12 సంపుటములలో వెలువడినవి. హైదరాబాదున ఫలకము తీయు నతనికి పారిస్ నుండి రాత్రిరాత్రి ఆజ్ఞలు రాలేదు, రానక్కఱయు లేకపోయెను. నియమమే యంత్రములో ఇమిడియుండెను గనుక హైదరాబాదు ఫలకమును గ్రీనిచ్ ఫలకమును ఒకే కొలబద్దకు అందెను. నేటి దూరదర్శినీ సముదాయములకు ఇది పితామహస్థానీయమని నా నమ్మకము.

ఇప్పుడు ఆజ్ఞలు కూడ తీగెలమీదను, ఉపగ్రహములమీదను పోవుచున్నవి. సూర్యుని కంపనములను ఎడతెగక కనిపెట్టుటకై 1995 నుండి పనిచేయుచున్న గాంగ్ సముదాయమునకు భూమిచుట్టును ఆరు కేంద్రములు గలవు. వానిలో ఉదయపురము ఒకటి. ఆరింటను ఒకే తీరు పరికరములే, ఓడలలో సరకు పంపు ఇనుప పెట్టెలయందు అమర్పబడియున్నవి. లడఖ్‌లోని హాన్లేలో, 4500 మీటర్ల యెత్తున, జ్యోతిశ్శాస్త్రవేత్త చంద్రశేఖరుని పేర నెలకొల్పిన 2 మీటర్ల దూరదర్శినిని 2001 నుండి బెంగుళూరు చేరువనున్న హోసకోటెలో కూర్చుండి నడుపుచున్నారు. ఆ హాన్లేయందే 2018లో పని ప్రారంభించిన 0.7 మీటరు గ్రోత్-ఇండియా దూరదర్శిని రాత్రి పరిశీలనలను మనుష్యుని చేయి తగులకయే నడుపుకొనగలదు.

దూరమునుండి నడుపు దూరదర్శినిలో గొట్టమును దర్పణమును స్వల్పభాగములే. దానిని త్రిప్పు మోటార్లు, త్రిప్పినంత కోణమును చెప్పు ఎన్‌కోడర్లు, నాభిని సవరించు సాధనము, వడపోత గాజుల చక్రము, చల్లబఱచిన కెమెరా, తెఱచుకొను కప్పు, వానను గాలిని కనిపెట్టు పరికరములు, ఉపగ్రహముల నుండి కాలమును గ్రహించు గడియారము, కరెంటు పోయినపుడు ఆదుకొను యూపీఎస్, ఇన్నియు ఒకదానితో నొకటి మాటాడుకొనవలెను. ఒక యూరి వడ్రంగి చేసిన చక్రము మఱియొక యూరి బండి ఇరుసునకు పట్టినట్లు, ఒక కంపెనీ కెమెరా వేఱొక కంపెనీ మోటారుతో కలిసి పనిచేయవలెనన్న ఆ కలియు చోట ఒడంబడిక కావలెను. 1998లో బాబ్ డెన్ని ఆరంభించిన ఆస్కామ్ పద్ధతియు, తరువాత వచ్చిన ఇండీ పద్ధతియు ఆ ఒడంబడికలే. ఐతే అవి భాషను మాత్రమే ఏకము చేసినవి. బోల్టు రంధ్రముల నడిమి దూరము, కరెంటు వోల్టేజి, తీగెచివరి పిన్నుల వరుస ఏకము కానిచో చెడిన భాగమును తీసి మఱొకటి తగిలించుటకే నిపుణుడు ప్రయాణమై రావలసివచ్చును. దూరనియంత్రణమునకు అర్థమే యుండదు.

వానను పసిగట్టు పలకనే చూడుడు. అఱచేయి పాటి ఆ పలకమీద సన్నని లోహపు గీతలు రెండు దువ్వెనల పండ్లవలె ఒకదాని నడుమ నొకటి చొరబడియుండును. ఒక్క చినుకు రెండు గీతలను కలిపినచో విద్యుత్తు పాఱును, కప్పు మూయుమను సంకేతము పోవును. అడుగుననున్న చిన్న హీటరు ఆ చినుకును ఆర్చి పలకను మరల సిద్ధము చేయును. కాని పట్టాలమీద జరుగు కప్పు మూసికొనునపుడు గొట్టము నిలువుగా నున్నచో కప్పు దానినే కొట్టును. అందువలన గొట్టము వాలి తన తావున నున్నదని చెప్పు స్విచ్చును కప్పు మోటారు తీగెలోనే కలుపవలెను. కంప్యూటరు మాటను నమ్మి విడువరాదు. ఇంటర్నెట్ తెగి కొన్ని నిమిషములు ఏ వార్తయు రానిచో గొట్టము తనంతట వాలి, పిమ్మట కప్పు మూసికొనవలెను. ఈ రెండు నియమములు లేని సామగ్రి యెంత చౌకయైనను కొనరాదని నేను గట్టిగా చెప్పుదును.

పల్నాటికి ఇట్టి సామగ్రి వచ్చెనా, దానికి హాన్లే చలికంటె భిన్నమైన పరీక్ష ఎదురగును. రెంటచింతల వేసవి యెండ రాష్ట్రమంతట ప్రసిద్ధము; పగలెల్ల కాగిన కెమెరా రాత్రి చల్లబడక చిత్రమున మచ్చలు నింపును. పిడుగురాళ్ల ప్రాంతపు సున్నపు దుమ్ము దర్పణము మీద పేరుకొనును. మన మైదానపు ఆకాశము హాన్లే ఆకాశముతో పోటీపడజాలదు. మిగుల మసకయైన గెలాక్సీలకై ఇక్కడ శ్రమించుట వ్యర్థము.

అయినను నరసరావుపేట, గురజాల, మాచర్లలలో ఒకే తీరు చిన్న దూరదర్శినులు మూడు నిలిపినచో, పెద్ద వేధశాల ఒంటిగా చేయలేని పని యొకటి అవి చేయగలవు. అంతరిక్షమున తిరుగు శిలాఖండమొకటి నక్షత్రమునకు అడ్డము వచ్చినపుడు దాని నీడ భూమిమీద సన్నని పట్టీగా సాగిపోవును. ఆ త్రోవలోని ప్రతి కేంద్రమున నక్షత్రము కొన్ని సెకనులు మాయమగును. ఎచ్చట నెన్ని సెకనులో కూర్చి చూచినచో శిల యొక్క ఆకృతి తేలును. నీడ సెకనుకు 10 కిలోమీటర్లు పోవుచున్నదనుకొన్నచో, గడియారములలో సెకనులో పదవ వంతు తేడా 1 కిలోమీటరు పొరపాటగును. కావున మూడు తావుల గడియారమును, కెమెరా తెఱచు వేళను ఒక్క ప్రమాణముననే పట్టవలెను. అట్లున్ననాడు గురజాలలో నక్షత్రము మాయమై మాచర్లలో మాయము కాకున్నను ఆ రాత్రి పని చెడినట్లు కాదు. శిల యంచు నీడ ఆ రెండూళ్ల నడుమనే పోయినదని లెక్కకు ఎక్కును.