పెళ్లికూతురికన్నా ముందే ముస్తాబు!

పెళ్లి ఆల్బమ్ తెరవగానే ఇప్పుడు చాలాసార్లు ముందు కనిపించేది వధూవరులు కాదు. పీట మీద పరిచిన పట్టుచీర, దానిమీద వడ్డాణం, పక్కనే శుభలేఖ, మెట్టెలు, మల్లెదండ! మనుషులు లేకుండా వస్తువులనే దగ్గరగా తీసే ఈ ఫొటోలను స్టూడియోల వాళ్లు 'డీటెయిల్ షాట్స్' అంటారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. తీసే రోజు హడావుడే అంతా ఇంతా కాదు. మెట్టెలు పిన్ని సంచీలో, శుభలేఖలు బాబాయి కారులో, ఉంగరం బీరువాలో... ఆ బీరువా తాళాలేమో గుడికెళ్లిన బామ్మ దగ్గర! అన్నీ వెతికి తెచ్చేలోగా మంగళస్నానాల వేళ అయిపోతుంది.

రెండిళ్ల వస్తువులు

అసలు చిక్కు మరోటి ఉంది. మన పెళ్లి వస్తువులన్నీ ఒక్కరి దగ్గర ఉండవు. బాసికాలు, అడ్డుతెర, తలంబ్రాల పళ్లెం ఆడపెళ్లివారి దగ్గరుంటే, మగపెళ్లివారు తెచ్చే తాళిబొట్టు, నల్లపూసలు విడిదిలో ఉంటాయి. అన్నీ ఒకచోట చేరేది మండపంలోనే. అక్కడికొచ్చాక ఫొటో కోసం పురోహితుణ్ని ఆగమనలేం కదా! జీలకర్ర-బెల్లం తలమీద పెట్టాక, తలంబ్రాలు పోసుకున్నాక ఆ పళ్లేలు మళ్లీ అలా కనపడవు.

సూత్రాల సంగతీ అంతే. చాలా కుటుంబాల్లో పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి బొట్టు చేయిస్తారు. మూడుముళ్లు పడేదాకానే అవి విడిగా కనిపించేది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో ఆల్బమ్‌లో ఉంటే ఆ అందమే వేరు. అందుకే రెండురోజుల ముందే వియ్యపురాలికి ఫోన్‌చేసి, 'వదినగారూ, ఫొటోగ్రాఫర్ విడిదికే వస్తాడు, ఓ పావుగంట మీరూ దగ్గరుండండి' అని చెప్పుకుంటే సరిపోతుంది. ముహూర్తానికి ముందు సూత్రం బయటికి తీయకూడదనే పట్టింపు కొన్ని ఇళ్లల్లో ఉంటుంది. పెద్దల్ని అడిగాకే తీయించాలి. తీసేటప్పుడూ నేలమీద కాకుండా పసుపు, కుంకుమ పెట్టిన పళ్లెంలోనో, తమలపాకు మీదో ఉంచాలి.

ముందురోజు పని

ఓ పెట్టె తీసుకుని వస్తువులన్నీ అందులోకి చేర్చండి. మూతకు లోపల జాబితా అంటించండి. ధర చీటీలు, చెప్పుల అడుగున స్టిక్కర్లు తీసేయండి. దగ్గర్నుంచి తీసే ఫొటోలో ముందు కనపడేవి అవే. బంగారాన్ని మెత్తని పొడిబట్టతో తుడిస్తే వేలిముద్రలు పోతాయి. ముత్యాలకు సబ్బునీళ్లు, సెంటు తగలనివ్వద్దు, మెరుపు తగ్గుతుంది. వెండి మెట్టెలు, కుంకుమ భరిణె నల్లబడి ఉంటే ముందే మెరుగు పెట్టించాలి. మడతపడని శుభలేఖలు రెండుమూడు విడిగా దాచండి. ఒకదానికి నాలుగుమూలలా పసుపు రాసి ఉంచితే మరీ బాగుంటుంది.

పెళ్లికొడుకు వస్తువుల్నీ మరిచిపోకూడదు. వాచీ, ఉంగరం, కండువా, పావుకోళ్లు, కాశీయాత్ర గొడుగు... అన్నీ ఫొటోకెక్కాల్సినవే. పూలవాళ్లకు చెప్పి కొన్ని విడిపూలు అదనంగా తెప్పించుకోవాలి. మల్లెలు తడిబట్టలో చుట్టి పెడితే వాడిపోవు.

కిటికీ పక్కనే

ఖరీదైన లైట్లు అక్కర్లేదు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పీట వేసి, గదిలో ట్యూబులైటు ఆపేస్తే చాలు. రెండురకాల వెలుతురు కలిస్తే పసుపు రంగు, బంగారం రంగు రెండూ మారిపోతాయి. ఫ్లాష్ నేరుగా కొడితే నగ మీద తెల్లమచ్చ తప్ప చెక్కడం కనిపించదు. కింద పరవడానికి వేరే అలంకరణలెందుకు? అరిటాకో, పెళ్లిచీర కొంగో చాలు. పీటనిండా అన్నీ పేర్చకుండా నాలుగైదు వస్తువులతో ఒక్కో ఫొటో తీస్తే ప్రతిదీ స్పష్టంగా వస్తుంది. అమ్మమ్మ కాసులపేరు, అమ్మ పెళ్లినాటి భరిణె లాంటివి ఉంటే వాటికి మొదటి చోటివ్వండి. కొత్త నగలు మళ్లీ ఎప్పుడైనా తీసుకోవచ్చు. నలుగురు అక్కచెల్లెళ్ల ఉమ్మడి నగ మాత్రం పెళ్లి మర్నాడే ఎవరింటికి వెళుతుందో!

నగ భద్రం

పెళ్లింట్లో బంగారం బయటపెట్టి ఉంచడం కొంచెం జంకే. మేనత్తో, పిన్నో... పెళ్లి పనుల్లో తలమునకలు కాని ఒక్కరికే ఆ పెట్టె అప్పగించాలి. ఫొటోలు తీసినంతసేపూ వాళ్లు అక్కడే ఉండి, జాబితా చూసి లెక్కపెట్టి మళ్లీ సర్దాలి. నగల ఫొటోలు, ఇంటి చిరునామా ఉన్న శుభలేఖ కలిపి పెళ్లికి ముందే వాట్సప్ స్టేటస్‌లో పెట్టకపోవడం మంచిది. ఇంట్లో ఏముందో, ఆ రోజు ఇంట్లో ఎవరూ ఉండరనీ ఊరంతటికీ మనమే చెప్పినట్టవుతుంది. బిల్లులతోపాటు ఈ ఫొటోలూ దాచుకుంటే, రేపు ఏదైనా నగ పోయినప్పుడు ఆనవాలు చెప్పడానికి ఉపయోగపడతాయి.

ఇంతా కలిపి ఫొటోలకు పట్టేది అరగంట. పెళ్లికూతురికి జడ వేస్తున్న ఆ సమయంలోనే ఇదీ పూర్తయిపోతుంది. పెళ్లయ్యాక బాసికాలు ఓ మూలకు, మధుపర్కాలు బీరువా అడుగుకు, నగలు లాకరుకు చేరతాయి. ఎవరిళ్లకు ఏవి వెళ్లినా, అన్నీ కలిసి ఉండేది ఆ పేజీలోనే.